ముందు మీరెళ్ళండి

సోమవారం. గాలి పడమర నుంచి, నెమ్మది. ఆకాశం శుభ్రం, మా అద్దాలు కావు.

ఈ పద్దులో చూసింది మాత్రమే రాయాలనీ, అభిప్రాయాలు రాయకూడదనీ ఆకాశమార్గాల బోర్డువారు కొత్తగా కాగితం పంపారు. సరే, చూసిందే రాస్తాను. ఆ కాగితం మీద సంతకం వంకరగా ఉంది.

నా పేరు మంగతాయారు. నడిలంక కూడలి టవర్‌లో దారి చెప్పే మనిషిని, మొన్నటిదాకా. ఆరు లంకల గాలిబండ్లూ బజారుకి పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా, బడికి పోవాలన్నా ఈ టవర్ నెత్తిమీదే ఒకదాన్నొకటి దాటుకోవాలి. కింద ఒకప్పుడు వరిచేలు ఉండేవట. ఇప్పుడు పూటపూటా సముద్రం పోటెత్తి వస్తుంది కాబట్టి నేలమీద దారి లేదు. నేను మైకు పట్టుకుని, "ఒరేయ్ చిట్టిబాబూ, నీ కుడిపక్క నుంచి మీ మావయ్య వస్తున్నాడు, ఆగు" అంటే ఆగేవారు. తిడితే ఇంకా బాగా ఆగేవారు.

పోయినేడు బోర్డువారు బండి బండికీ ఒక పెట్టె బిగించారు. రెండు బండ్లు ఎదురుపడితే వాటి పెట్టెలు తమలో తాము మాట్లాడుకుని ఎవరు ముందో తేల్చుకుంటాయి. కూడలి చుట్టూ గాలిలో దీపాల గీత ఉంది. అది దాటి లోపలికొచ్చాక చుక్కాని సరంగు చేతిలో ఉండదు, పెత్తనమంతా పెట్టెదే. బండి నడిపేవాణ్ణి ఇక్కడ ఇప్పటికీ సరంగు అనే అంటారు. పడవలు పోయినా పిలుపు పోలేదు. ఇక నా పని అద్దాల మీద గూడబాతుల రెట్టలు కడగడం, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి చిరిగితే కుట్టడం, ఈ పద్దు రాయడం.

పాత రూళ్ళు మాత్రం టవర్ గోడమీద ఇంకా ఉన్నాయి. నీ కుడిచేతివైపు నుంచి వచ్చేవాడికి నువ్వు దారివ్వు. ఎదురెదురైతే ఇద్దరూ కుడికి తప్పుకోండి. దిగేవాడికి ఎగిరేవాడు దారివ్వాలి. ఆపదలో ఉన్నవాడికి అందరూ దారివ్వండి. ఈ నాలుగూ అబ్బులు తన చేత్తో రంగువేసి రాశాడు. అబ్బులు మా మెకానిక్కు. ఉద్దానం వైపు నుంచి టవర్ సామానుతో పాటు వచ్చాడు. సామాను బిగించి వెళ్ళిపోవాల్సినవాడు, ఇరవయ్యేళ్ళుగా ఆఖరి మేకు బిగిస్తూనే ఉన్నాడు.

ఇక ఇవాళ చూసింది. ముక్కులంక గంధం వీర్రాజుగారి అమ్మాయి సుభాషిణిని సూరిలంక అడబాల నరసింహమూర్తిగారి అబ్బాయి కిరీటికి ఇవ్వడానికి పోయిన వారమే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆ కొత్త వియ్యంకులిద్దరూ పొద్దున్న కూడలి నడిమధ్య ఎదురుపడ్డారు.

"ఆయ్, తమరు ముందెళ్ళండి బావగారూ" అన్నారు వీర్రాజుగారు రేడియోలో.

"ఎంతమాట బావగారూ! మగపెళ్ళివాళ్ళమని మాకు గీర అనుకోరండీ జనం? తమరే కానివ్వండి" అన్నారు నరసింహమూర్తిగారు.

ఈయన ఆ మాట అనగానే ఈయన పెట్టె బండిని ఒక బార వెనక్కి జరిపింది. ఆయన పెట్టె రెండు బారలు జరిపింది. ఈయనది మూడు. అలా జరిగి జరిగి ఇద్దరూ దీపాల గీత బయటపడి, ఎవరి ఇంటికి వాళ్ళు చేరుకున్నారు. వీర్రాజుగారు బజారుకని, నరసింహమూర్తిగారు పళ్ళ డాక్టరు దగ్గరికని బయల్దేరారట. ఇద్దరూ చేరలేదు.

"ఆల కంటే ఆల పెట్టెలే మర్యాదగున్నాయండి" అన్నాడు అబ్బులు, కాఫీ వడగడుతూ.

నేను నవ్వాను. తరవాత బండ్ల చార్జి చూసి నవ్వు ఆపాను. రోడ్డు మీద ఆగిన బండి ఊరికే ఆగుతుంది. గాలిలో ఆగిన బండి ఆగినంతసేపూ చార్జి తింటుంది.

మంగళవారం. గాలి లేదు. గాలిసంచి నిద్రపోయినట్టు వేలాడుతోంది.

నిన్నటిది ఏదో వియ్యంకుల వేడుక అనుకున్నాను. కాదు, ఊరంతటికీ అంటుకుంది.

కొబ్బరిలంక పేరిశెట్టివారి కొత్తల్లుడు సోడా తాగుదామని బండెక్కాడు. దీపాల గీత దాటాడో లేదో, కూడలిలో ఉన్న బండ్లన్నీ ఒక్కసారి గోడకి జారబడినట్టు పక్కలకి జరిగిపోయాయి. టన్నుల కొద్దీ కొబ్బరికాయలు మోస్తున్న గాలిపడవ కూడా వెనక్కి వెనక్కి నడిచి గీత అవతల నిలబడింది. అల్లుడుగారు వెళ్ళి సోడా తాగారు. బాగోలేదని ఇంకో కొట్టుకి వెళ్ళారు. మళ్ళీ అందరూ జరిగారు.

తరవాత బడిబండి. మేష్టారున్న బండి కాబట్టి అందరూ దానికి దారిచ్చారు. మేష్టారి పెట్టె మాత్రం ఎదురొచ్చిన డాక్టరుగారికి దారిచ్చింది. డాక్టరుగారు మేష్టారి దగ్గరే చదువుకున్నాడు, ఆయన పెట్టె మేష్టారికే దారిచ్చింది. ఈ గౌరవాలు ముగిసేసరికి మొదటి రెండు పీరియడ్లు అయిపోయాయి. పిల్లలు బండిలోంచి పెట్టెలకి జై కొట్టారు.

ఒక్కటి మాత్రం నవ్వే విషయం కాదు. పొలం గట్టు తగాదా ఉన్న దాయాదులిద్దరు ఎదురెదురుగా వచ్చారు. వాళ్ళ పెట్టెలు మర్యాద చూపలేదు. అసలు కదల్లేదు, తగ్గలేదు. ఆఖరి క్షణంలో ఒకదాని పంకాల గాలి ఇంకోదాన్ని తోస్తే రెక్కకీ రెక్కకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందులో తప్పుకున్నాయి. ఆ పొలం నీళ్ళలో మునిగిపోయి ముప్పై ఏళ్ళయింది, తగాదా మాత్రం తేలుతూనే ఉంది. నేను మైకులో ఎంత అరిచినా పెట్టెలు వినిపించుకోలేదు. బోర్డుకి కబురు పెట్టాను.

గురువారం. గాలి దక్షిణం నుంచి, ఉప్పు వాసన.

బోర్డు నుంచి ఇంజనీరు వచ్చాడు. ఓదెలు అని, కరీంనగర్ వైపు మనిషి. ఆయన పెట్టె పట్నంది, ఇంకా మర్యాదలు నేర్వలేదు. నలుగురు పెద్దమనుషుల ముందునుంచి రయ్యిమని దూసుకొచ్చి టవర్ అరుగు మీద దిగాడు. లంకల రేడియోలో చాలాసేపు ఆయన పెంపకం గురించి మాట్లాడుకున్నారు.

పొద్దంతా పెట్టెల్ని పరీక్ష చేసి, నెత్తి గోక్కుని, ఆఖరికి నవ్వేశాడు.

"ఇది ఖరాబు గాలేదమ్మా. మంచిగ నేర్సుకున్నది. గదే బాధ! ఈడి సరంగులు ఎట్ల నడుస్తరో సూసి, ఏం మాట్లాడుకుంటరో ఇని, గట్లనే నడవమని దానికి చెప్పినం. గీ లంకలల్ల అందరు అందరికి సుట్టాలేనా?"

"అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారండీ. మీరు ఇంకో రోజు ఉంటే మీకూ వరస కలిపేస్తారు" అన్నాను.

"మరి పెట్టెకు ఎవరు బావో ఎవరు మామో ఎట్ల తెలుస్తది? మీ మాటలతోనే. మీరు రేడియోల ఎవర్ని బావ అంటె వాడే దానికి బావ. అది రిజిస్టర్ సూడదు, ఆధార్ సూడదు."

పెట్టెలకి చుట్టరికాలు మరిపించే కొత్త పాఠం పైనుంచి సోమవారానికి గానీ రాదట. అందాకా ఆపదొస్తే ప్రతి బండిలోనూ ఎర్ర బొత్తాం ఉంది. అది నొక్కితే పెట్టెలు వరసలన్నీ మరిచిపోయి ఆ బండికి దారిస్తాయి. సైరన్ మోగుతుంది, బండి నుంచి ఎర్ర పొగ లేస్తుంది. సరంగు నొక్కాల్సిందే, టవర్ నుంచి నొక్కే వీలు లేదు.

"జర పైలం" అన్నాడు వెళ్ళేముందు. "ఒక్క బండి పడ్డదా, బోర్డోళ్ళు గీ కూడలి మూసేస్తరు. ఆరు లంకలకు తొవ్వ ఉండదు. ఆదివారం పెండ్లట గద, గుంపులు గుంపులు రావద్దని చెప్పున్రి."

చెప్పాం. రెండు ఇళ్ళవాళ్ళూ "అలాగేనండి" అన్నారు. ఓదెలుగారు సంతోషించాడు. మా వైపు 'అలాగేనండి' అంటే అర్థమేమిటో ఆయనకి తెలియదు.

బండెక్కుతూ అబ్బులు వైపు చూసి, "ఈ సార్ మీకేమైతడమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అబ్బులు అందుకున్నాడు.

"నానా? నానెవులికీ ఏటీ అవ్వనండి. మెకానిక్కుని."

అది నిజమే. లంకల్లో వరస లేని మనిషి అబ్బులు ఒక్కడే. అందుకే అందరికీ దారిస్తాడు. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను, కూడలిలో ఆయన బండి ఎప్పుడూ ఆఖరు. నేనేమో ఆయనకి పూర్తిగా తలకిందులు. మా నాన్న ఆరు లంకల్లోనూ అందరితో వరసలు కలుపుకుని పోయాడు కాబట్టి నన్ను అక్కా అనో చెల్లీ అనో అత్తా అనో పిలవని గడప లేదు. ఆరు లంకలకీ ఆడపడుచుని. టవరే లోకమని పెళ్ళి చేసుకోలేదు, ఎవరూ గట్టిగా అడగనూ లేదు.

సాయంత్రం కాఫీ చేదుగా ఉంది. చక్కెర వేశానన్నాడు. వేశాడేమో.

శనివారం. గాలి తూర్పుకి తిరిగింది.

మూడు రోజులుగా రేడియో మధ్యమధ్యలో మూగబోతోంది. బ్యాటరీ చచ్చింది. కొత్తది పంపమంటే బోర్డువారు పంపింది ఏమిటంటే, అభిప్రాయాలు రాయవద్దని ఇంకో కాగితం. పొద్దున్నంతా దాన్నీ అబ్బుల్నీ కలిపి తిట్టాను. మధ్యాహ్నానికి రేడియో గంటలా మోగుతోంది.

"బ్యాటరీ ఎక్కడిదండీ?"

"ఎక్కడో ఓ మూలుందండి" అన్నాడు అబ్బులు.

తరవాత అరుగు మీద కూచుని పనసకాయ కొట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళికి పనసపొట్టు కొట్టిపెట్టమని వీర్రాజుగారు ఆయన్ని అడిగారు. ఉద్దానం మనిషి చేతిలో పనసకాయ పెడితే పొట్టు దూదిలా వస్తుందని ఇక్కడ పేరు. రేపు ఆ బుట్టలు తనే పట్టుకెళ్ళి ఇచ్చి, భోంచేసి, నాకు విస్తరి కట్టించుకొస్తానన్నాడు. నాకు డ్యూటీ. ఆవ ఎక్కువ పెట్టొద్దని చెప్పమన్నాను. వంటవాళ్ళకి నేనెవర్నండీ చెప్పడానికి అన్నాడు.

ఆదివారం. గాలి తూర్పు నుంచి. అక్షరాలు వంకరగా ఉంటే బోర్డువారు క్షమించాలి. వాళ్ళ సంతకం కంటే నయమే.

ముహూర్తం పదకొండు దాటాక. మగపెళ్ళివారు వస్తే ఆడపెళ్ళివారు ఊరి పొలిమేర దాకా ఎదురెళ్ళి, పన్నీరు చల్లి, పానకమిచ్చి తీసుకెళ్ళడం ఎదుర్కోలు. పొలిమేర నీళ్ళలో ఉంది కాబట్టి ఇప్పుడా ముచ్చట ఎక్కడ జరుగుతుంది? నా నెత్తిమీద.

సూరిలంక నుంచి మగపెళ్ళివారు బండ్లకి మామిడాకులు కట్టుకుని, ముందు సన్నాయి బండి పెట్టుకుని వచ్చారు. ముక్కులంక నుంచి ఆడపెళ్ళివారు పానకం బిందెలతో వచ్చారు. కూడలి మధ్యలో ముఖాముఖి నిలబడ్డారు. పన్నీరు చల్లుకున్నారు, అది గాలికి కొట్టుకొచ్చి నేను అప్పుడే తుడిచిన అద్దాల మీద పడింది. అక్కడిదాకా బాగానే ఉంది.

"పదండి బావగారూ, తమరు ముందు" అన్నారు వీర్రాజుగారు.

"తమరు దారి చూపిస్తే తమరి వెనకాలే వస్తామండీ బావగారూ" అన్నారు నరసింహమూర్తిగారు.

పెళ్ళికొడుకు బండి ముందు కదలాలని ఆడపెళ్ళివారి పెట్టెలు ఆగాయి. మేనమామ కంటే ముందు ఎలా కదులుతానని పెళ్ళికొడుకు పెట్టె ఆగింది. పెళ్ళికొడుకు ఉండగా నేనేమిటని మేనమామ పెట్టె ఆగింది. వెనక్కి జరుగుదామంటే వెనకాల కూడా పెద్దలే, పెద్దల మీదికి వీపు పెట్టి వెళ్ళడం మర్యాద కాదు. దాంతో బండ్లన్నీ గాలిలో బిగుసుకుపోయాయి. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, ఇది బోర్డువారు చదివే పద్దు కాబట్టి రాయను.

సన్నాయివాళ్ళు మూడు కీర్తనలు వాయించారు. పానకం బిందెలు ఖాళీ అయ్యాయి. నా తెర మీద బండ్ల చార్జి కొద్దికొద్దిగా దిగుతోంది గానీ అవన్నీ పెళ్ళికని నిండా చార్జి పెట్టుకొచ్చిన బండ్లు, ఇంకో గంటకి ఢోకా లేదు. ఒక్కటి మాత్రం పసుపు దాటి ఎరుపులోకి పోయింది. అన్నిటికంటే వెనకాల, పనసపొట్టు బుట్టలతో, అబ్బులు బండి.

"అబ్బులుగారూ, మీ చార్జి ఏంటలా ఉంది?"

"ఉందండి. పర్లేదండి."

"పోయిన నెలేగా కొత్త బ్యాటరీ వేశారు?"

"అది మీ రేడియోలో ఉందండి" అన్నాడు.

రేడియో వైపు చూశాను. నిన్న దాన్ని తట్టి, ఇప్పటికి బాగుపడ్డావు అని మెచ్చుకున్నాను కూడా.

"ఎర్ర బొత్తాం నొక్కండి. వెంటనే."

"ఎర్ర పొగ లెగిస్తాదండి."

"లేవనివ్వండి!"

"పెళ్ళండీ. మెళ్ళో పుస్తె పడకముందే ఎర్ర పొగ లెగిసిందనుకోండి, రేపు ఆలింట్లో కుండ పగిలినా, పాలు విరిగినా, ఈ పిల్ల అడుగెట్టిన యేళ అంటారు. ఆ సుభాషిణి నా చేతిమీద పెరిగిన పిల్లండి. ఆ పిల్లకెందుకండీ ఆ మాట?"

"మీరు నీళ్ళలో పడితే అది శుభశకునమా?"

"పడనండి. పడితే అప్పుడు సూసుకుందామండి" అన్నాడు, అదేదో వాన పడితే గొడుగు చూసుకుందామన్నంత తేలిగ్గా.

మైకులో అందరికీ చెప్పాను, అబ్బులుకి చార్జి లేదు, టవర్ అరుగు మీద దిగాలి, దారివ్వండి అని. ఒక్కరూ కాదనలేదు. "అయ్యయ్యో, రమ్మనండి, రమ్మనండి!" అని అన్ని బండ్ల నుంచీ కేకలు. వీర్రాజుగారు చుక్కాని పట్టుకుని ఊడబెరికేలా తిప్పారు. కానీ గీత లోపల చుక్కాని బొమ్మే. పెట్టెలకి అబ్బులు ఎవరు? ఎవరికీ ఏమీ కానివాడు, పెళ్ళివారి తరవాత, పానకం బిందెల తరవాత, సన్నాయివాళ్ళ తరవాత రావాల్సినవాడు. పాపం ఆయన పెట్టె, కేకలు విని, అందరూ పిలుస్తున్నారు కదా అని మర్యాదగా ఇంకో బార వెనక్కి జరిగింది.

నాలుగు పంకాల్లో ఒకటి ఆగింది. బండి ఒక మూలకి ఒరిగి నిలువెత్తు దిగింది. కింద పోటు నిండుగా ఉంది, సుళ్ళు తిరుగుతోంది. ఆయనకి ఈత రాదు. ఉద్దానంలో సముద్రం పక్కనే పుట్టి ఈత రాదేమిటండీ అని ఎన్నిసార్లు వెక్కిరించానో.

బోర్డువారూ, కూడలి మూసేస్తారన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఈ మనిషి లేకపోతే పొద్దున్నే లేచి నేను ఎవర్ని తిట్టాలి అన్నది ఒక్కటే తోచింది. భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. దాని వెంటే ఓదెలుగారి మాట గుర్తొచ్చింది. మీరు ఎవర్ని బావ అంటే వాడే దానికి బావ.

మైకు అన్ని బండ్లకీ తెరిచాను.

"ఆరు లంకలవాళ్ళూ వినండి. నేను తాయారుని. సన్నాయి ఆపండి ముందు. అబ్బులుగారిని నేను పెళ్ళి చేసుకుంటున్నాను. వీర్రాజన్నయ్యా, ఆయన నీకు బావగారు. నరసింహమూర్తి బాబాయ్, నీకు అల్లుడు. కిరీటీ, నీకు బావ. మిగతావాళ్ళు ఎవరి వరస వాళ్ళు చూసుకోండి, నాకు టైం లేదు. ఆ వరస పెట్టి గట్టిగా పిలవండి!"

మొదట తేరుకున్నది వీర్రాజుగారు.

"బావగారూ! తమరు ముందెళ్ళండి బావగారూ!"

అంతే, ఆరు లంకలూ ఒక్కసారి గొంతెత్తాయి. అల్లుడుగారూ అని కొందరు, బావా అని కొందరు, మావయ్యా అని పిల్లలు. ఎవరో ముసలావిడ 'ఇన్నాళ్ళకా' అంది, అది వరస కిందికి రాదు. పెట్టెలు విన్నాయి. పూలదండలతో ఉన్న పెళ్ళికొడుకు బండే ముందు కదిలింది, తనకి కుడిపక్కకి. దాని వెనక మేనమామ. ఇటు వీర్రాజుగారి బండి, తనకి కుడిపక్కకి. కొత్తల్లుడికి కూడా ఇంత దారి ఇవ్వలేదు వీళ్ళు, రెండువైపులా అల్లుడయ్యేసరికి ఆకాశం మధ్యలో పాపిట తీసినట్టు తెరుచుకుంది.

అబ్బులు బండి కదల్లేదు.

ఆయన పెట్టె ఇరవయ్యేళ్ళ అలవాటు నేర్చుకున్న పెట్టె. అంతమంది మర్యాద చేసేసరికి బెదిరిపోయి వెనక్కి చూస్తోంది. రెండో పంకా నత్తనడక నడుస్తోంది.

"అబ్బులుగారూ, అల్లుడు మొహమాటపడకూడదు! వస్తున్నానని చెప్పండి. మీ పెట్టె మీ మాట కోసం చూస్తోంది!"

"తాయారుగారూ, తమరు నిజంగా..."

"వస్తున్నారా, లేదా?"

రేడియోలో ఆయన ఊపిరి వినపడింది. ఆ బ్యాటరీ నిజంగా మంచిది.

"వత్తన్నానండి" అన్నాడు.

బండి ముందుకి దూకింది. అటూ ఇటూ ఆగిన బండ్ల మధ్య నుంచి ఒంటిపక్కగా ఒరిగి, కుంటుకుంటూ వచ్చి, టవర్ అరుగు మీద దబ్బున పడింది. మిగిలిన పంకాలు అరుగు తగిలాక ఆగాయి. ఒక్క బుట్ట ఒలికింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఆయన ఒలికిన పనసపొట్టు ఏరుతున్నాడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, ఆ బుట్ట తీసి ఆయన నెత్తిన బోర్లించాను. ఇది చూసింది కాదు, చేసింది. అయినా రాస్తున్నాను.

అబ్బులుకి దారివ్వడానికి రెండు గుంపులూ ఎవరి కుడికి వాళ్ళు జరిగారు కదా, ఇక ఎదురెదురుగా లేరు. ఎవరు ముందు అన్న ప్రశ్నే మిగల్లేదు. గోడమీద ఉన్న రెండో రూలు ప్రకారం మగపెళ్ళివారు పక్కనుంచి సాఫీగా సాగిపోయారు, ఆడపెళ్ళివారు బండ్లు తిప్పుకుని వాళ్ళ వెంట వెళ్ళారు. సన్నాయి మళ్ళీ మొదలైంది. మిగిలిన బుట్టల కోసం ఒక బండి వచ్చింది. ముహూర్తం తప్పలేదు, ఆకాశంలో ఎర్ర పొగ లేదు.

సాయంత్రమంతా అబ్బులు పంకా బాగుచేస్తూ గడిపాడు. నేను గాలిసంచి కుట్టాను. అది చిరగలేదు.

సోమవారం. గాలి పడమర నుంచి, నెమ్మది.

ఓదెలుగారు కొత్త పాఠం తెచ్చి పొద్దున్నే పెట్టెలన్నిటికీ ఎక్కించాడు. "ఇగ వీటికి బావ తెల్వదు, బామ్మర్ది తెల్వదు. కుడిదిక్కు ఎవరున్నరు అనుడొక్కటే" అన్నాడు. నిన్నటి సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, అబ్బుల్ని చూసి, "ఏం సార్, మొన్న అడిగితె ఏం కానంటివి?" అని నవ్వి, ఎవరికీ దారివ్వకుండా వెళ్ళిపోయాడు.

వెనకాలే వీర్రాజుగారి బండి వచ్చింది. కొత్త బావగారికి పట్టుపంచెల చాపు, ఆడపడుచుకి చీర, ఇద్దరూ మధ్యాహ్నం భోజనానికి రావాలని కబురు, రాకపోతే తనే వచ్చి కూడలి మధ్యలో నిలబడతానని బెదిరింపు. వాళ్ళ సరంగు తన బండిని మాకు వదిలేసి, ఇంకో బండెక్కి వెళ్ళాడు.

అబ్బులు పంచెల వైపు చూడకుండా చాలాసేపు స్పానర్ తుడిచాడు.

"ఇంక పెట్టెలకి వరసలు తెలవ్వంటండి" అన్నాడు ఆఖరికి.

"తెలియవట."

"మరి నిన్న తమరన్న మాట... పెట్టెల కోసం అన్నదే గదండీ. ఎనక్కి తీసుకోవాలంటే తీసుకోండి. నానేటీ అనుకోను."

"చూడండి, మళ్ళీ వెనక్కి జరుగుతున్నారు" అన్నాను.

ఆయన స్పానర్ కింద పెట్టాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. పెట్టెలకి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదని, మీ మాట కూడా పెట్టెల కోసమే అన్నదైతే ఇప్పుడే చెప్పమని. కాదండి అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా కాదండి అన్నాడు.

పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. నేను చీర మార్చుకున్నాను. ఇద్దరం ఒకేసారి అరుగు తలుపు దగ్గరికి వచ్చాం. టవర్ తలుపు సన్నం, ఒక్కరే పడతారు.

"ముందు తమరెళ్ళండి" అన్నాడు, అలవాటుగా.

"గోడమీద మీరు రాసింది చదవండి."

చదివాడు.

"నా కుడిచేతివైపు ఎవరున్నారు?"

"నానే అండి."

"అయితే?"

కాస్త ఆలోచించి, తల వంచుకుని, నా ముందునుంచి నడిచి వెళ్ళాడు. నేను ఈ నాలుగు ముక్కలూ రాసి వెళదామని ఆగాను. కూడలి ఖాళీగా ఉంది. సాయంత్రం దాకా టవర్‌లో ఎవరూ ఉండరు, బోర్డువారు కాగితాలు పంపినా అందుకునేవారు లేరు.

బయట బండిలో కూచుని హారన్ కొడుతున్నాడు. అబ్బులు హారన్ కొట్టగా వినడం నాకు ఇదే మొదటిసారి.